పాయింట్ 22 పిస్టల్ మొరాయింపు: మొదటి దెబ్బకి మౌనం, రెండో దెబ్బకి పేలుడు

కొలాబ్‌గట్టు, జయపురం

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 19 ఏళ్లు. 25 మీటర్ల పిస్టల్ ఆడుతుంది. పిస్టల్ మాది కాదు, క్లబ్బుది. పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్, 5 రౌండ్ల మ్యాగజైన్లు మూడు. బాగా పాతది, కంపెనీ పేరు రాయను. దసరా దాకా ఏ గొడవా లేదు. డిసెంబర్ నుంచి మాత్రం 30 రౌండ్లు కాల్చేలోపు నాలుగైదు సార్లు ఆగిపోతోంది. ఒకసారి క్లిక్ మని ఊరుకుంటుంది, ఒకసారి ఖాళీ కేసు (పేలిన రౌండ్ ఇత్తడి గొట్టం) లోపలే ఉండిపోతుంది, ఒకసారి కేసు పొగగొట్టంలా నిలబడి బోల్ట్ (వెనక జారే ఉక్కు దిమ్మ) కింద ఇరుక్కుంటుంది.

క్లబ్బులో ఒకాయన రౌండ్లు పాతవంటాడు, ఇంకొకాయన స్ప్రింగ్ పోయిందంటాడు. కోచ్ గారేమో పిల్ల మణికట్టు గట్టిగా పట్టడం లేదంటారు. అది విన్న రోజు మా అమ్మాయి అన్నం తినలేదు. పోటీ మూడు వారాల్లో ఉంది. రౌండ్లు లెక్కపెట్టి ఇస్తారు కాబట్టి ఊరికే కాల్చి చూద్దామన్నా కుదరదు. నాకు మందుల షాపు తప్ప మెషిన్ల సంగతి తెలియదు. కాస్త దారి చూపండి.

మాజీ హవల్దార్, పర్లాకిమిడి

బాబూ, "ఆగిపోతోంది" అంటే సరిపోదు. నీ షాపుకొచ్చి "ఒంట్లో బాగోలేదు, మాత్ర ఇయ్యి" అంటే నువ్వేటి ఇస్తావు? ఇదీ అంతే.

నేను ఆర్మరర్‌ని, అంటే ఫౌజులో తుపాకులు బాగుచేసేవాణ్ని. 22 ఏళ్ల సర్వీసులో సగం ఎస్.ఎల్.ఆర్. అనే ఫౌజీ రైఫిళ్లతోనే గడిచిపోయింది. మా దగ్గర ఆగిపోవడాన్ని "రోక్" అంటారు, అక్కడికక్కడ చేసే వైద్యం "ఫౌరీ ఇలాజ్". ఏ రోక్ అయినా ముందు చూడాల్సింది ఒకటే, తుపాకీ తన పనిలో ఎంతవరకు వచ్చి ఆగింది అని. ఒక రౌండ్ పేలితే బోల్ట్ వెనక్కి వెళ్లాలి. వెళ్తూ ఖాళీ కేసును చాంబర్‌లోంచి, అంటే రౌండ్ కూర్చునే గదిలోంచి లాగాలి, ఎజెక్టర్ అనే మొనకి తగిలించి బయటికి విసరాలి, వెనక దాకా వెళ్లి స్ప్రింగ్‌ని నొక్కాలి. తిరిగొస్తూ మ్యాగజైన్ లోంచి కొత్త రౌండ్‌ని తోసుకొచ్చి చాంబర్‌లో కూర్చోబెట్టి మూసుకోవాలి. ఇందులో ఎక్కడ తెగింది?

అందుకని ఇకమీద ఆగినప్పుడల్లా ఒక కాగితం మీద రాయండి. ఏ మ్యాగజైన్, ఎన్నో రౌండ్, బోల్ట్ ఎక్కడుంది, కేసు ఎక్కడుంది. క్లిక్ మని పేలకపోతే పిస్టల్ నోటిని టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగి, అప్పుడు తియ్యండి. కొన్ని రౌండ్లు ఆలస్యంగా పేలతాయి. ఈ మాట పిల్లకి గట్టిగా చెప్పండి.

గుణుపురం చిన్నోడు

అంకుల్, ఇది చాలా సింపుల్. వీడియోల్లో చూశాను. రికాయిల్ స్ప్రింగ్ తీసి రెండు చుట్లు కత్తిరించండి. రౌండ్ ఎక్కే దారిని నీటి ఎమరీ పేపర్‌తో పాలిష్ కొట్టండి. హై వెలాసిటీ రౌండ్లు వాడితే దెబ్బకి సెట్ అయిపోతుంది.

బల్లార్షా బావ

తమ్ముడూ, జర ఆగు. మూడు సలహాలిచ్చినవ్, మూడూ పిస్టల్‌ని చంపేటియే.

ఈ పిస్టల్ బ్లోబ్యాక్ రకం. అంటే బోల్ట్‌కి తాళం లాంటిదేం ఉండదు. పేలినప్పుడు దాన్ని ఆపేది దాని బరువు, వెనక స్ప్రింగ్, అంతే. బుల్లెట్ ముందుకు పోతుంటే కేసు వెనక్కి తంతది, ఆ తన్నుకే మొత్తం మెషిన్ తిరుగుతది. టార్గెట్ పిస్టల్‌ని స్టాండర్డ్ వెలాసిటీ రౌండ్‌కి లెక్కగట్టి చేస్తరు. 40 గ్రెయిన్ల సీసం గుండు, అంటే 2.6 గ్రాములు, సెకనుకి 320, 330 మీటర్ల వేగం. నువ్వు హై వెలాసిటీ ఏసి, మీద స్ప్రింగ్ కత్తిరిస్తే బోల్ట్ పోయి ఫ్రేమ్‌కి గుద్దుకుంటది. అట్లనే కాల్చుకుంట పోతే ఫ్రేమ్ పగుళ్లియ్యొచ్చు. అది క్లబ్బు సొత్తు, లైసెన్స్ వాళ్ల పేరు మీద ఉంటది. ఎమరీ పట్టుకుని కూసుంటే రేపు జవాబు చెప్పేది ఆ అన్న.

కొలాబ్‌గట్టు అన్నా, కోచ్ మాట మీద కూడా నాకు అనుమానమే. చేయి మెత్తగ పడితే చిన్న సైజు పిస్టళ్లల్ల ఇబ్బంది వస్తది, నిజమే. గాని టార్గెట్ పిస్టల్ బరువుంటది, పాయింట్ 22కి తన్నుడు తక్కువ. గ్రిప్ పేరు చెప్పి పిల్లని తిట్టుడు సులువు, మెషిన్‌ని చూసుడు కష్టం.

నిర్వాహకుడు

ఒక్క మాట. ఇక్కడ గుర్తు పట్టడం వరకే మాట్లాడుకుందాం. రాపిడి, కోత, డ్రిల్లింగ్ లాంటివి లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ పని. చిన్నోడి పోస్ట్ తీసేయలేదు, కింద బావ జవాబు ఉంది కాబట్టి.

రాయగడ టు డల్లాస్

మనవాళ్ల థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. మాది రాయగడే, 11 ఏళ్లుగా టెక్సస్‌లో ఉన్నాను. నా దగ్గర పదిన్నర అంగుళాల బ్యారెల్ ఏఆర్ (ఒక రకం సెమీ ఆటోమేటిక్ రైఫిల్) ఉంది. ఇక్కడ రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాల కంటే తక్కువైతే అది వేరే జాతి, 1934 నాటి చట్టం కింద ఫెడరల్ వాళ్ల అనుమతి తీసుకోవాలి. అన్నీ తీసుకుని ముచ్చటపడి కట్టించుకుంటే మొదటి ఆరు నెలలు మీ అమ్మాయి పడుతున్న బాధే పడ్డాను.

పొట్టి బ్యారెల్‌తో గొడవ ఏంటంటే టైమ్. ఏఆర్‌లో బ్యారెల్ మధ్యలో ఒక రంధ్రం ఉంటుంది, గ్యాస్ అందులోంచి వెనక్కి వచ్చి బోల్ట్‌ని తోస్తుంది. బుల్లెట్ ఆ రంధ్రం దాటాక బ్యారెల్ చివర వదిలేదాకానే గ్యాస్‌కి బలం. వదిలిందంటే ప్రెషర్ కుక్కర్ మూత తీసినట్టే. 16 అంగుళాల దాంట్లో రంధ్రం తర్వాత 9 అంగుళాల దారి ఉంటే నా దాంట్లో మూడున్నర కూడా లేదు. ఆ లోటు పూడ్చడానికి రంధ్రం పెద్దది చేస్తారు. అప్పుడు ఘాటు రౌండ్‌కి బోల్ట్ పిచ్చెక్కినట్టు పరిగెడుతుంది, చవక రౌండ్‌కి సగం దూరం వచ్చి నిలబడుతుంది. వెనక బఫర్ అని ఒక బరువు ఉంటుంది. మామూలుది 85 గ్రాములు, నేను 130 గ్రాముల దాకా మార్చి మార్చి చూశాను. చివరికి తేలిందేమిటంటే రంధ్రం మీద కూర్చుని గ్యాస్‌ని వెనక్కి మళ్లించే గ్యాస్ బ్లాక్ కాస్త పక్కకి జరిగి ఉంది. బఫర్ల మీద పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరు.

మీ పిస్టల్ బ్యారెల్ కూడా 6 అంగుళాల లోపే కదా. బోల్ట్ పూర్తిగా వెనక్కి రావడం లేదేమో చూడండి.

మాజీ హవల్దార్, పర్లాకిమిడి

డల్లాస్ బాబు చెప్పింది నిజమే, కానీ అది గ్యాస్ తుపాకీ. ఎస్.ఎల్.ఆర్.కి కూడా గ్యాస్ రెగ్యులేటర్ ఉండేది. మసి పట్టి బోల్ట్ వెనక్కి రాకపోతే రెగ్యులేటర్ రింగ్ తిప్పి గ్యాస్ పెంచుకునేవాళ్లం. ఈ పిస్టల్‌లో గ్యాస్ దారి లేదు, తిప్పడానికి రింగూ లేదు.

అయినా అడిగిన ప్రశ్న మంచిది. దానికి రౌండ్లు తగలేయక్కర్లేదు. మ్యాగజైన్‌లో ఒక్క రౌండే పెట్టి కాల్చమను. పేలాక బోల్ట్ వెనక నిలబడి ఉండిపోతే అది పూర్తి దూరం వెళ్లినట్టే. ఒక్కో మ్యాగజైన్‌తో ఐదు సార్లు చేస్తే మొత్తం 15 రౌండ్లు. ఆ మాత్రం క్లబ్బు వాళ్లు ఇస్తారు. మ్యాగజైన్లకి నంబర్లు వెయ్యండి, లేకపోతే ఏది ఏదో తెలీదు.

మల్కనగిరి రైతు

మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మా మొక్కజొన్న చేలో అడవి పందుల గొడవ ఎక్కువైంది. డల్లాస్ అన్నయ్య చెప్పిన పొట్టి రైఫిల్ లాంటిదానికి మనకి లైసెన్స్ వస్తుందా?

నిర్వాహకుడు

రాదు. మన దగ్గర సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పీబీ, అంటే నిషేధిత రకం కిందికి వస్తుంది. మామూలు లైసెన్స్ మీద ఇచ్చేది ఎన్‌పీబీ, అంటే నిషేధం లేని రకం మాత్రమే. పైగా లైసెన్స్ ఉన్నా పందిని కాల్చడానికి అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. పంట నష్టానికి అటవీ శాఖలో దరఖాస్తు పెట్టండి. దీని మీద చర్చ కావాలంటే వేరే థ్రెడ్ తెరవండి.

కొలాబ్‌గట్టు, జయపురం

ఆదివారం పొద్దున్న కొండ మీదికి వెళ్లాం. పొగమంచుకి 25 మీటర్ల దూరంలో టార్గెట్ కూడా సరిగ్గా కనిపించలేదు, తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం. మ్యాగజైన్లకి అమ్మాయి నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టింది. ఒకటో దానికి ఒక చుక్క, రెండో దానికి రెండు, మూడో దానికి మూడు.

ఒక్కో రౌండ్ పెట్టి 15 కాల్చాం. 14 సార్లు బోల్ట్ వెనక నిలబడింది. నిలబడనిది మూడు చుక్కల మ్యాగజైన్.

తర్వాత మామూలుగా ఐదేసి పెట్టి 60 కాల్చింది. 9 సార్లు ఆగింది. నేను పక్కన కూర్చుని రాశాను. ఐదు సార్లు క్లిక్ మంది, పేలలేదు. అర నిమిషం ఆగి ఆ రౌండ్ తీసి మళ్లీ పెడితే ఐదూ పేలాయి! మూడు సార్లు ఖాళీ కేసు చాంబర్‌లోనే ఉండిపోయింది. ఒకసారి పొగగొట్టం. క్లిక్ మన్న ఐదింట్లో రెండు ఒక చుక్క, రెండు రెండు చుక్కలు, ఒకటి మూడు చుక్కలు. కోచ్ గారు కూడా తీసుకుని 10 కాల్చారు. ఆయన చేతిలోనూ రెండు సార్లు ఆగింది. అప్పటి నుంచి మణికట్టు మాట ఎత్తడం లేదు.

బల్లార్షా బావ

ఇగో, 14 సార్లు నిలబడ్డదంటే బోల్ట్ మంచిగనే పోతుంది. స్ప్రింగ్ మీద, రౌండ్ బలం మీద అనుమానం పోయింది. డల్లాస్ అన్న కేసు వేరు, ఇది వేరు. క్లిక్‌లు మూడు మ్యాగజైన్లకీ పంచుకున్నయి కాబట్టి పెద్ద రోగం మ్యాగజైన్ కాదు. మూడు చుక్కల దానికి సొంత రోగం ఒకటి ఉన్నట్టుంది, అది తర్వాత చూద్దాం.

చలి సంగతి అడుగుత. మా చంద్రపూర్ దిక్కు మాకు ఎండ గొడవే తప్ప చలి గొడవ తెల్వదు. పాయింట్ 22 సీసం గుండు మీద మైనం లాంటి పూత ఉంటది. చలికి అది గట్టిపడి చాంబర్‌ల పేరుకుంటదని చదివిన. మీ కోరాపుట్‌ల ఇప్పుడు ఎంతుంది?

కొలాబ్‌గట్టు, జయపురం

జయపురంలో పర్వాలేదు. కొండ మీద, సిమిలిగుడ వైపు తెల్లవారుజామున పది లోపే. మా చుట్టాలింట్లో కొబ్బరినూనె సీసా పొయ్యి పక్కన పెట్టుకుంటారు.

మాజీ హవల్దార్, పర్లాకిమిడి

కొబ్బరినూనె అన్నావు కాబట్టి అడుగుతున్నా. బోల్ట్ జారే చోట ఏటి పూశారు?

కొలాబ్‌గట్టు, జయపురం

అడిగాను. క్లబ్బు అటెండర్ వానల్లో తుప్పు పట్టకుండా గ్రీజు పూశాడట. షట్టర్లకి పూసేది.

మాజీ హవల్దార్, పర్లాకిమిడి

ఓరి బాబూ! షట్టర్ గ్రీజా! అది చలికి ఉండకట్టిన బెల్లం పాకంలా అవుతుంది. ముందు అది తుడిపించండి. పుల్‌త్రూకి (బ్యారెల్ తుడిచే తాడు) చిందీ గుడ్డ కట్టి బ్యారెల్ గుండా లాగండి, చాంబర్ విడిగా బ్రష్‌తో రుద్దండి. తర్వాత పల్చటి గన్ ఆయిల్ ఒక్క చుక్క, వేలితో రాసి మళ్లీ తుడిచెయ్యాలి. చూస్తే నూనె ఉన్నట్టు కనపడకూడదు, ముట్టుకుంటే తెలియాలి.

గుణుపురం చిన్నోడు

అయితే ప్రాబ్లమ్ సాల్వ్డ్. నేను స్ప్రింగ్ అన్నాను, అదీ బోల్ట్ దగ్గరే కదా, దగ్గరగానే చెప్పాను.

కొలాబ్‌గట్టు, జయపురం

సాల్వ్ కాలేదు తమ్ముడూ. మొత్తం శుభ్రం చేయించాం. చాంబర్‌లోంచి నల్లటి మైనం నిజంగానే వచ్చింది, గోరుతో గీకితే కొవ్వొత్తి చివర లాగా. ఇక అయిపోయిందని ఇంటికి స్వీట్లు కూడా తెచ్చాను. మర్నాడు 30 కాల్చితే మూడు సార్లు ఆగింది. రెండు క్లిక్, ఒకటి కేసు బిగుసుకోవడం. తగ్గింది గానీ పోలేదు. ఇంకా 13 రోజులే ఉంది. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, ఆమె మాత్రం బాగానే నిద్రపోతోంది.

సునాబెడా ఫిట్టర్

నేను ఈ వేదికలో చదవడమే తప్ప రాయడం తక్కువ. ఇక్కడి ఇంజిన్ ఫ్యాక్టరీలో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. తుపాకుల గురించి నాకు తెలియదు, లోహం మీద గీత గురించి తెలుసు.

రెండు దెబ్బలు తిన్న ఖాళీ కేసులు ఉన్నాయి కదా, క్లిక్ మని తర్వాత పేలినవి. క్లబ్బులో లెక్క కోసం ఉంచే ఉంటారు. ఒక పది కేసులు, అందులో ఆ రకం రెండు ఉండేలా, తెల్ల కాగితం మీద వరసగా పెట్టండి. రౌండ్‌ని కొట్టే పిన్ను చేసిన గుంట పైకి ఉండాలి. టార్చ్‌ని పక్క నుంచి, బాగా వాల్చి వెయ్యండి. నేరుగా వేస్తే ఇత్తడి మెరుస్తుంది, గీత కనపడదు. ఫొటో దగ్గర నుంచి తీయండి. వెనక భాగం ఒకటి, పక్క భాగం ఒకటి.

కొలాబ్‌గట్టు, జయపురం

ఫొటోలు పెట్టాను సార్. క్లబ్బు సెక్రటరీ పక్కన నిలబడి పది ఇచ్చి, పదీ లెక్కపెట్టి తీసుకున్నారు.

సునాబెడా ఫిట్టర్

ఫొటోలు బాగున్నాయి. భూతద్దం పెట్టి చూశాను.

ముందు రెండు దెబ్బల కేసులు. ఒక గుంట లోతు తక్కువ, పెదవి మీద ముద్దు పెట్టినట్టు ఉంది. రెండోది బాగా లోతు. పిన్ను ఒకటే, స్ప్రింగ్ ఒకటే, మరి మొదటి దెబ్బ ఎందుకు మెత్తగా పడింది? గోడకి ఆనించి మేకు కొడితే దిగుతుంది, గాల్లో పట్టుకుని కొడితే మేకు ముందుకు జరుగుతుంది. మొదటిసారి రౌండ్ పూర్తిగా లోపల కూర్చోలేదు. పిన్ను దెబ్బ మందుని పేల్చడానికి కాకుండా రౌండ్‌ని ముందుకు తోయడానికి ఖర్చయిపోయింది.

ఇప్పుడు పక్క నుంచి చూడండి. పది కేసుల్లో ఎనిమిదింటి మీద అంచు దగ్గర మొదలై నిలువుగా ఒక సన్నటి గీత ఉంది. అన్నిట్లోనూ ఒకే చోట, పిన్ను గుంటకి సరిగ్గా సూటిగా. మురికి అయితే గీత ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంది. మ్యాగజైన్ అయితే పిన్ను గుంటతో సంబంధం ఉండదు. పిన్ను కొట్టే చోటే చాంబర్ అంచున ఏదో లోపలికి పొడుచుకొచ్చి ఉంది.

హవల్దార్ గారూ, ఆ పిన్ను ఎప్పుడైనా రౌండ్ లేకుండా ఉత్తి అంచు మీద కొట్టే వీలుందా?

మాజీ హవల్దార్, పర్లాకిమిడి

గురువుగారూ, దండం. అదే, అదే. మూడు రోజుల నుంచి నా బుర్రకి తట్టలేదు, సిగ్గేస్తోంది.

పెద్ద రౌండ్లకి పిన్ను మధ్యలో కొడుతుంది, అక్కడ ప్రైమర్, అంటే నిప్పు రాజేసే బిళ్ల, విడిగా ఉంటుంది. రౌండ్ లేకపోతే పిన్ను ఖాళీ రంధ్రంలోకి పోతుంది, దేనికీ తగలదు. పాయింట్ 22 రిమ్‌ఫైర్. ఆ నిప్పు రాజేసే మందు కేసు అంచులోనే చుట్టూ ఉంటుంది. అందుకని పిన్ను పక్కన, అంచు మీద కొడుతుంది. అంచుకి అవతల ఆసరా చాంబర్ ఉక్కు. రౌండ్ లేకుండా ట్రిగ్గర్ నొక్కితే ఆ పిన్ను నేరుగా ఉక్కు మీద పడుతుంది. ఒకటి రెండు సార్లకి ఏమీ కాదు. వందలసార్లు పడితే ఉక్కు నలిగి చాంబర్ లోపలికి ముల్లులా లేస్తుంది. ఆ ముల్లు రౌండ్‌ని పూర్తిగా పోనివ్వదు, పోయిన కేసుని సులువుగా రానివ్వదు. రెండు రోకులకీ కారణం ఒకటే అయిపోయింది.

చిన్న పరీక్ష. మ్యాగజైన్ బయట, బోల్ట్ వెనక, చాంబర్ ఖాళీ అని ఇద్దరు చూశాక, చెవులకి వాడే దూది పుల్ల తీసుకుని చాంబర్ నోటి చుట్టూ తిప్పండి. దూది ఎక్కడైనా పట్టుకుందా?

కొలాబ్‌గట్టు, జయపురం

పట్టుకుంది. గడియారంలో 12 ఉండే చోట. మూడు పుల్లలు మార్చి తిప్పాం, మూడింటి దూదీ అక్కడే పోగులు పోగులుగా లేచి చిక్కుకుంది. మిగతా చుట్టూ నున్నగా జారింది.

బల్లార్షా బావ

సునాబెడా సార్‌కి సలాం. అన్నా, ఇప్పుడు అడగాల్సింది, రౌండ్ లేకుండ ట్రిగ్గర్ ఎవరు నొక్కిన్రు? డ్రై ప్రాక్టీస్ చేసేటోళ్లు ఎవరన్న ఉన్నరా?

కొలాబ్‌గట్టు, జయపురం

నమస్తే అండీ, నేను అమ్మాయిని. నాన్న ఫోన్ నుంచి రాస్తున్నాను.

నేనే. దసరా తర్వాత రౌండ్లు తగ్గించి ఇచ్చారు, వారానికి 40. అవి చాలవని రోజూ సాయంత్రం క్లబ్బులోనే డ్రై చేశాను. రోజుకి 150 ట్రిగ్గర్లు, కొన్ని రోజులు 200. పోటీలో రాపిడ్ భాగంలో టార్గెట్ 3 సెకన్లే కనిపిస్తుంది, మళ్లీ 7 సెకన్ల తర్వాత. ఆ 3 సెకన్లలో చెయ్యి లేపి ఒకటే షాట్. దాని కోసమే చేశాను. ఎయిర్ పిస్టల్‌కి డ్రై చేసినట్టే దీనికీ చేయొచ్చనుకున్నాను. నా స్కోర్ పెరిగింది కూడా.

పిస్టల్ నా వల్లే పాడైందని క్లబ్బులో చెప్పేశాను.

మాజీ హవల్దార్, పర్లాకిమిడి

తల్లీ, నీ తప్పు కాదు. నేర్పేవాళ్లు ఆ పిస్టల్‌కి డ్రై పద్ధతి ఏటో ముందు చెప్పాలి. కొన్ని టార్గెట్ పిస్టళ్లకి డ్రై కోసం విడిగా మీట ఉంటుంది, అది వేస్తే ట్రిగ్గర్ తెగుతుంది గాని పిన్ను ఉక్కుకి తగలదు. పాతవాటికి అది లేదనుకో, చాంబర్‌లో డమ్మీ పెట్టుకోవాలి. చెప్పేశావు చూడు, అది చాలామంది ఫౌజీలు కూడా చెయ్యరు.

రాయగడ టు డల్లాస్

ఇక్కడ పాయింట్ 22 వాళ్లు గోడకి స్క్రూ బిగించే ముందు పెట్టే పసుపురంగు ప్లాస్టిక్ ప్లగ్గులు చాంబర్‌లో పెట్టుకుని డ్రై చేస్తారు. పదికో పాతికకో ఒకటి మార్చేస్తారు. చవకైన డమ్మీ. మన దగ్గర ప్లగ్ సైజులు వేరు, కాబట్టి సరిపోతుందో లేదో గన్‌స్మిత్‌నే అడగండి. రోజుకి 200 అంటే మాత్రం, అమ్మా, నేను వారంలో అన్ని చెయ్యను.

గుణుపురం చిన్నోడు

ఆ ముల్లుని సన్న ఆకురాయితో...

నిర్వాహకుడు

చిన్నోడా.

సునాబెడా ఫిట్టర్

ఆకురాయి వద్దు. రాస్తే ముల్లుతో పాటు అంచు కూడా పోతుంది, తర్వాత పిన్ను కొట్టినప్పుడు రౌండ్ అంచుకి అవతల ఆసరా ఉండదు. నలిగిన లోహం ఎక్కడికీ పోలేదు, పక్కకి జరిగింది, అంతే. గట్టి ఉక్కు కడ్డీని, చాంబర్ కొలతకి మొన తేల్చింది, లోపలికి నొక్కి తిప్పితే అది తిరిగి తన చోటికి వెళ్తుంది. ఇస్త్రీ లాంటిది. నాకు చేయడం వచ్చు గానీ నేను ముట్టుకోను. నాకు లైసెన్స్ లేదు.

కొలాబ్‌గట్టు, జయపురం

విశాఖలో లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దొరికారు. కాగితాలన్నీ కట్టించి సెక్రటరీ గారే స్వయంగా తీసుకెళ్లారు, నేను తోడు వెళ్లాను. సాలూరు ఘాట్‌లో లారీ అడ్డం పడి మూడు గంటలు ఆగాం. అక్కడ పని మాత్రం పావుగంట కూడా పట్టలేదు. ఆయన చాంబర్‌లోకి చూసి "డ్రై చేస్తారా" అన్నారు, అంతే. కడ్డీ పెట్టి రెండు సార్లు తిప్పి, ఒక ఖాళీ కేసు వేలితో వేసి చూపించారు. ముందు ఒక మిల్లీమీటరు బయటే ఆగేది, ఇప్పుడు తనంతట తనే జారి టక్ మని కూర్చుంది. నాకు ఆ శబ్దం ఇంకా చెవిలో ఉంది.

ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కూడా కొంచెం అరిగిందట, బిగుసుకున్న కేసుల్ని లాగి లాగి. అది మార్చాలంటే విడిభాగం తెప్పించాలి, ఈ పోటీకి అందదు.

బల్లార్షా బావ

చాలా సంతోషం. అమ్మాయికి ఒక్కటి చెప్పు అన్నా. పోటీల ఆగితే పిస్టల్‌ని అస్సలు ముట్టుకోవద్దు. గ్రిప్ వదలకుండ, నోరు టార్గెట్ దిక్కే పెట్టి, రెండో చెయ్యి లేపాలె. అధికారి వచ్చి చూసి, తప్పు పిస్టల్‌ది అయితే ఒప్పుకుంటరు. ఆత్రం పట్టలేక బోల్ట్ లాగినవంటే తప్పు నీదే అయితది. సేఫ్టీ తీయకపోయినా, రౌండ్ పెట్టుడు మరిచినా అంతే. టోక్యో ఒలింపిక్స్‌ల, 2021ల, మను భాకర్‌కి క్వాలిఫికేషన్ మధ్యల పిస్టల్ మొరాయించి ఎంత టైమ్ పోయిందో చూసినం కద. ఆ పిల్లే 2024ల పారిస్‌ల రెండు కాంస్యాలు కొట్టింది.

మా మహారాష్ట్ర రాహీ సర్నోబత్ 2018 ఆసియా క్రీడల్ల బంగారం కొట్టింది ఈ 25 మీటర్లల్లనే. హైదరాబాద్ ఈషా సింగ్‌కి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్ల వెండి వచ్చింది ఇదే ఈవెంట్‌ల. మీ కోరాపుట్ నుంచి ఎవరొస్తరో చూద్దాం.

కొలాబ్‌గట్టు, జయపురం

పోటీకి ముందు చివరి ప్రాక్టీస్ నిన్న అయింది. 60 రౌండ్లు. ఆగింది రెండు సార్లే, రెండూ మూడు చుక్కల మ్యాగజైన్‌లోనే, రెండూ ఐదో రౌండ్‌కే. చూస్తే దాని పెదవి, అంటే రౌండ్‌ని పట్టి ఉంచే పై అంచు, ఒక వైపు కొంచెం విచ్చుకుని ఉంది. మిగతా రెండిటితో పెట్టిన 40 ఒక్కసారి కూడా ఆగలేదు. దూది పుల్ల కూడా మళ్లీ తిప్పి చూశాం, చిక్కుకోలేదు.

మూడు చుక్కల దానికి అమ్మాయి ఎర్ర దారం కట్టేసింది. డమ్మీలు వచ్చాక అది డ్రైకి పనికొస్తుందట. డమ్మీలు సెక్రటరీ గారు ఆర్డర్ పెట్టారు, పన్నెండు. క్లబ్బు గోడ మీద "రౌండ్ లేకుండా ట్రిగ్గర్ నొక్కరాదు" అని ఒడియాలో, తెలుగులో రాయించారు. తెలుగులో "నొక్కరాదు"కి ఒక క వత్తు పోయింది. ఆదివారం వెళ్లినప్పుడు నేనే దిద్దుతాను.